కీమో తర్వాత కాళ్లు మొద్దుబారుతున్నాయా..? మతిమరుపు పెరిగిందా..? డాక్టర్ దగ్గర ఈ మాట దాచొద్దు!

నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయింది. వెనకాల వస్తున్నవాళ్లు చెబితే గానీ ఆ సంగతి తెలియలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే వేళ్లు పట్టు దొరకడం లేదు. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం, రోజూ పిలిచే పేరు నోటి చివరి దాకా వచ్చి ఆగిపోవడం.. క్యాన్సర్ ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నవాళ్ల ఇళ్లలో ఇవి తరచూ కనిపించే విషయాలే.

"కీమో అన్నాక నీరసం మామూలే కదా" అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. పేషెంట్ మనసులో ఇంకో లెక్క ఉంటుంది. "ఇది చెబితే డాక్టర్ కీమో ఆపేస్తారేమో.. జబ్బు మళ్లీ పెరుగుతుందేమో" అన్న భయంతో నోరు విప్పరు. సరిగ్గా ఇక్కడే నష్టం జరుగుతోంది. ఇది ఒట్టి నీరసం కాదు. నరాలు, మెదడు దెబ్బతింటున్నాయని ఒళ్లు చెబుతున్న సంగతి. ముందే చెబితే డాక్టర్ చేతిలో చాలా దారులుంటాయి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి.

అసలు క్యాన్సర్‌కీ, నరాలకీ సంబంధం ఏంటి..? ఏ లక్షణాన్ని తర్వాతి అపాయింట్‌మెంట్‌లో చెబితే సరిపోతుంది..? దేనికి అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తాలి..? ఇప్పుడు వివరంగా చూద్దాం.

నరాల మీద దెబ్బ ఎన్ని వైపుల నుంచి పడుతుంది..?

ప్రధానంగా నాలుగు వైపుల నుంచి. ఒకటి.. క్యాన్సర్ గడ్డే మెదడుకో, వెన్నెముకకో పాకి నరాలను నొక్కేయడం. రెండు.. కీమో మందులు నరాలను దెబ్బతీయడం. మూడు.. తలకు ఇచ్చే రేడియేషన్ ప్రభావం. నాలుగు.. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరపాటున నరాల మీదకు తిరగడం. ఒక్కోదానికి లక్షణాలు వేరు, తొందర వేరు, వైద్యం వేరు. అందుకే "కీమో వల్లేలే" అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయకూడదు.

కాలి వేళ్లతోనే ఎందుకు మొదలవుతుంది..?

మన ఇళ్ల ముందు పెరిగే బిళ్ల గన్నేరు మొక్క తెలుసు కదా. పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ అనే కీలకమైన మందు మూలం ఆ మొక్కలోనే ఉంది. ఈ మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే నరాల కథ సగం అర్థమైనట్టే.

ఏ కణమైనా రెండుగా చీలాలంటే లోపల సన్నటి గొట్టాల్లాంటి నిర్మాణాలు కావాలి. వీటిని మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. విన్‌క్రిస్టిన్ వాటిని తయారు కానివ్వదు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు ఎక్కువగా వాడే పాక్లిటాక్సెల్ వాటిని కదలకుండా బిగించేస్తుంది. ఎటు చూసినా క్యాన్సర్ కణం చీలలేక చచ్చిపోతుంది. బాగానే ఉంది. కానీ అవే గొట్టాలు నరాల్లోనూ ఉంటాయి. అక్కడ వాటి పని వేరు. అవి రైలు పట్టాల్లాంటివి. నర కణం తయారుచేసే సరుకు వాటి మీదుగానే చివరి దాకా చేరుతుంది.

నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా వెళ్లే నరం పొడవు సుమారు ఒక మీటరు. పట్టాలు పాడైతే ముందుగా సరుకు అందనిది అన్నిటికన్నా దూరంగా ఉన్న స్టేషన్‌కే. అందుకే తిమ్మిర్లు కాలి వేళ్లలో మొదలై పాదాలకు, ఆ తర్వాత చేతి వేళ్లకు వస్తాయి. సాక్సులు, గ్లౌజులు వేసుకునేంత మేర మొద్దుబారినట్టు ఉంటుంది. డాక్టర్లు దీన్ని పెరిఫెరల్ న్యూరోపతి అంటారు.

మెదడుకు రక్తంలోని చాలా మందులను లోపలికి రానివ్వని ఒక రక్షణ గోడ ఉంటుంది. వెన్నెముక పక్కన ఉండే స్పర్శ నరాల గుత్తులకు ఆ గోడ అంత గట్టిగా లేదు. కీమో మందు సులువుగా చేరేది అక్కడికే.

ఇక్కడ ఒక హెచ్చరిక. బిళ్ల గన్నేరులో క్యాన్సర్ మందు ఉందని ఎవరో చెప్పారని ఆ ఆకుల కషాయం తాగొద్దు. మొక్క నుంచి వేరు చేసి, శుద్ధి చేసి, మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మందు వేరు.. ఆకు నమలడం వేరు. ఆ మొక్కలో విషపూరిత పదార్థాలు ఉంటాయి.

ఏ మందు ఏం చేస్తుంది..?

* పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్: కాళ్లు, చేతుల్లో తిమ్మిర్లు, మంటలు. పాక్లిటాక్సెల్ ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు ఒళ్లు, కీళ్ల నొప్పులు.
* ఆక్సాలిప్లాటిన్: పెద్దపేగు క్యాన్సర్‌కు ఎక్కువగా వాడతారు. ఎక్కించిన గంటల్లోనే చల్లదనం పడదు. ఫ్రిజ్‌లో చేయి పెడితే సూదులు గుచ్చినట్టు ఉంటుంది. చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు అనిపిస్తుంది. కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో గోరువెచ్చటి నీళ్లే తాగాలి.
* సిస్‌ప్లాటిన్: తిమ్మిర్లతో పాటు చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం. టీవీ సౌండ్ పెంచుతున్నారంటే గమనించండి.
* విన్‌క్రిస్టిన్: తిమ్మిర్లు, గట్టి మలబద్ధకం. పిల్లలైతే నడుస్తున్నప్పుడు పాదం పైకి లేవక ఈడ్చడం, తరచూ తట్టుకుని పడిపోవడం.
* బోర్టెజోమిబ్: మల్టిపుల్ మైలోమాకు ఇస్తారు. కాళ్లలో మంటతో కూడిన నొప్పి. రక్తనాళంలోకి కాకుండా చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తే ఈ బాధ తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. షుగర్ వల్ల ముందే నరాలు దెబ్బతిని ఉంటే కీమోతో ఆ బాధ త్వరగా ముదురుతుంది. కాళ్లలో ఎప్పటినుంచో తిమ్మిర్లు ఉంటే మొదటి సైకిల్‌కు ముందే చెప్పాలి.

చెబితే కీమో ఆపేస్తారా..?

అందరినీ భయపెట్టే ప్రశ్న ఇదే. చెప్పగానే ట్రీట్‌మెంట్ ఆగిపోదు. డోసు కొంచెం తగ్గించొచ్చు. రెండు సైకిళ్ల మధ్య గ్యాప్ పెంచొచ్చు. మందు ఇచ్చే పద్ధతి మార్చొచ్చు. అదే క్యాన్సర్‌కు పనిచేసే ఇంకో మందుకు మారొచ్చు. కొన్ని సందర్భాల్లో నరాలను దెబ్బతీస్తున్న ఒక్క మందును ఆపి, మిగతా వాటిని కొనసాగిస్తారు. క్యాన్సర్ ఏ దశలో ఉంది, ఇంకా ఎన్ని సైకిళ్లు ఉన్నాయి అన్నదాన్ని బట్టి డాక్టర్ నిర్ణయం తీసుకుంటారు. ఇదంతా మీరు చెబితేనే కుదురుతుంది. ఎందుకంటే తిమ్మిరి ఏ బ్లడ్ టెస్టులోనూ కనిపించదు. డాక్టర్‌కు తెలిసే దారి మీ మాటే.

ఎంతమందికి వస్తుంది అంటే.. 2014లో 31 అధ్యయనాలను, 4,179 మంది పేషెంట్ల వివరాలను కలిపి చూశారు. కీమో పూర్తయిన మొదటి నెలలో 68 శాతం మందికి న్యూరోపతి ఉంది. మూడు నెలలకు 60 శాతం, ఆరు నెలలు దాటాక 30 శాతం మందికి ఉంది. అంటే చాలామందికి తగ్గుతుంది. కానీ కొందరికి మిగిలిపోతుంది. డాక్టర్లు ముందు నుంచే జాగ్రత్తపడేది ఇందుకే.

ఇంకో విషయం. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ లాంటి ప్లాటినం మందులు ఆపేశాక కూడా కొన్ని నెలల పాటు తిమ్మిర్లు పెరగొచ్చు. కీమో అయిపోయింది కదా, ఇప్పుడెందుకు పెరుగుతోందని కంగారు పడతారు. ఇది తెలిసిన విషయమే. అలాగని చెప్పకుండా ఊరుకోవద్దు.

నరాల బలానికి మాత్రలు వేసుకోవచ్చా..?

మెడికల్ షాపులో అడిగి బీ కాంప్లెక్స్, "నరాల బలం" మాత్రలు కొనుక్కునే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. కీమో వల్ల వచ్చే న్యూరోపతిని ఏ విటమినూ రాకుండా ఆపుతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. పైగా ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ అనే సప్లిమెంట్‌ను రొమ్ము క్యాన్సర్ పేషెంట్లకు ఇచ్చి చూస్తే మేలు జరగకపోగా తిమ్మిర్లు ఇంకా ఎక్కువయ్యాయి. 2013లో ఈ ఫలితాలు వచ్చాయి. మందు పేరు బాగుందని మింగేస్తే ప్రమాదమే. బీ12 తక్కువగా ఉందని టెస్టులో తేలితే అప్పుడు డాక్టరే ఇస్తారు.

నొప్పి, మంట ఉన్నవాళ్లకు డ్యులోక్సెటిన్ అనే మందు పనిచేస్తుందన్న ఆధారం ఉంది. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం మార్గదర్శకాలు దీన్నే సిఫారసు చేస్తున్నాయి. అయితే ఇది అందరికీ పడదు. వేసుకుంటున్న మిగతా మందులు చూశాకే రాస్తారు. సొంతంగా మొదలుపెట్టడం, సొంతంగా ఆపడం రెండూ తప్పే. వీటితో పాటు నడక, బ్యాలెన్స్ వ్యాయామాలు, ఫిజియోథెరపీ మేలు చేస్తాయి.

ఇంట్లో ఈ జాగ్రత్తలు తప్పనిసరి

స్పర్శ తెలియని కాలికి దెబ్బ తగిలినా తెలియదు. కీమోలో ఉన్నప్పుడు తెల్ల రక్తకణాలు తగ్గుతాయి కాబట్టి చిన్న పుండు కూడా పెద్ద ఇన్ఫెక్షన్ అవుతుంది. అందుకే..

* స్నానం నీళ్ల వేడిని కాలితో కాదు, మోచేత్తో చూడండి. వీలైతే ఇంకొకరితో చూపించండి.
* వేడి నీళ్ల బ్యాగ్, కాపడం పాదాలకు పెట్టొద్దు.
* వదులు చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. ఎండాకాలం గుడి ప్రాంగణంలో ఒట్టి కాళ్లతో నడిస్తే బొబ్బలు లేచేదాకా తెలియకపోవచ్చు.
* రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. కనిపించకపోతే ఫోన్‌తో ఫొటో తీసుకుని చూడండి.
* బాత్రూంలో తడి లేకుండా చూసుకోండి. రాత్రి ఒక లైటు వెలిగించి ఉంచండి.
* బ్రేక్ మీద కాలు ఆనిందో లేదో తెలియడం లేదంటే బండి తీయొద్దు.

కీమో బ్రెయిన్ నిజమేనా..?

నిజమే. చాలాకాలం దీన్ని పేషెంట్ల ఆందోళనగానే చూశారు. 2017లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 581 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లను, క్యాన్సర్ లేని 364 మందిని పోల్చి చూశారు. కీమో అయిపోయిన ఆరు నెలలకు కూడా పేషెంట్లలో 36 శాతానికి పైగా తమ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ముందుకన్నా తగ్గిందని చెప్పారు. క్యాన్సర్ లేనివాళ్లలో అలా చెప్పింది దాదాపు 14 శాతమే.

పేరు కీమో బ్రెయిన్ అయినా నేరమంతా కీమోది కాదు. కొందరిలో మొదటి సైకిల్‌కు ముందే ఈ తేడా కనిపించింది. క్యాన్సర్ వల్ల ఒంట్లో పెరిగే వాపు, హార్మోన్ మందులు, నిద్ర లేకపోవడం, రక్తహీనత, డిప్రెషన్.. అన్నీ కలిసి మెదడును మందగింపజేస్తాయి. వీటిలో సగం సరిచేయగలిగినవే. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, సోడియం, కాల్షియం టెస్టులు చేస్తే కారణం దొరకొచ్చు.

ఉద్యోగం చేసేవాళ్లకు ఇది పెద్ద పరీక్ష. జబ్బు తగ్గింది కదా, ఇంకేంటి అని ఆఫీసులో అనుకుంటారు. లెక్కలు తప్పితే బద్ధకమంటారు. ఇంట్లో పిల్లల ఫీజు కట్టడం మర్చిపోతే చిరాకు పడతారు. చేయాల్సిందల్లా చిన్న చిన్న మార్పులే. ఫోన్‌లో అలారాలు పెట్టుకోండి. ఒకసారికి ఒకే పని చేయండి. బుర్ర చురుగ్గా ఉండే పూటే ముఖ్యమైన పనులు పెట్టుకోండి. రోజూ కాసేపు నడవండి. కళ్లద్దాలు, తాళాలు ఎప్పుడూ ఒకే చోట పెట్టండి. మనసు బాగా కుంగిపోతుంటే టెలీ మానస్ 14416 నంబర్‌కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

అయితే ఒక తేడా గుర్తుపెట్టుకోండి. కీమో బ్రెయిన్ మెల్లగా వస్తుంది. మనిషి ఒక్కసారిగా గందరగోళంగా మాట్లాడటం, సొంతవాళ్లను గుర్తుపట్టకపోవడం, మగతగా పడి ఉండటం కీమో బ్రెయిన్ కాదు. ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, కాల్షియం పెరగడం, మెదడులో వాపు.. ఏదైనా కావొచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తలకు రేడియేషన్ ఇస్తే..?

1960, 70 దశకాల్లో బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు, జబ్బు మెదడులో దాక్కోకుండా తలకు రేడియేషన్ ఇచ్చేవారు. ప్రాణాలు నిలిచాయి. కానీ పెద్దయ్యేకొద్దీ చదువులో వెనకబడటం, ఎదుగుదల తగ్గడం గమనించారు. ఇప్పుడు చాలామంది పిల్లలకు ఆ అవసరం లేకుండా వెన్నులోకి ఇచ్చే కీమోతోనే ఆ పని కానిస్తున్నారు. చికిత్సలో పిల్లల మెదడు గురించి కూడా ఆలోచించడం వల్ల వచ్చిన మార్పు ఇది.

పెద్దవాళ్ల విషయంలోనూ అంతే. కొత్త జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం రేడియేషన్‌కు త్వరగా దెబ్బతింటుంది. 2020లో 518 మందిపై చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందరికీ మెమాంటిన్ అనే మందు ఇస్తూ, సగం మందికి హిప్పోక్యాంపస్‌ను తప్పించి రేడియేషన్ ఇచ్చారు. వాళ్లలో ఆలోచనాశక్తి దెబ్బతినే ముప్పు 26 శాతం తగ్గింది. గడ్డలు కొన్నే ఉంటే మెదడు మొత్తానికి కాకుండా వాటి మీదకే కిరణాలు పంపే పద్ధతి కూడా ఉంది. "మా కేసులో ఇవి కుదురుతాయా" అని అడగడంలో తప్పు లేదు.

ఈ నొప్పికి గంటల్లోనే కదలాలి

ఈ కథనంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. ప్రొస్టేట్, రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు, మైలోమా వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కొచ్చు. మొదట కనిపించేది ఎక్కువగా వెన్నునొప్పే. పడుకుంటే పెరుగుతుంది. దగ్గినా, తుమ్మినా పెరుగుతుంది. రాత్రి నిద్రపోనివ్వదు. ఆ తర్వాత కాళ్లు తేలిపోవడం, మెట్లెక్కలేకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం.

మన దగ్గర వెన్నునొప్పి అనగానే బామ్ రాయడం, పెయిన్ కిల్లర్ వేసుకోవడం, నాలుగు రోజులు చూద్దామనుకోవడం మామూలు. క్యాన్సర్ ఉన్నవాళ్ల విషయంలో ఆ నాలుగు రోజులే కాళ్లను తీసేసుకుంటాయి. ట్రీట్‌మెంట్ మొదలయ్యే సమయానికి మనిషి నడుస్తున్నారా లేదా అన్నదే తర్వాత నడుస్తారా లేదా అన్నది చాలావరకు తేలుస్తుంది. అనుమానం వస్తే 24 గంటల్లోపు వెన్నెముకకు ఎంఆర్ఐ తీయాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2005లో 101 మందిపై చేసిన పరిశోధనలో ఆపరేషన్, రేడియేషన్ రెండూ చేసినవాళ్లలో 84 శాతం మంది నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 57 శాతం. అందరికీ ఆపరేషన్ కుదరదు. కానీ ఏది చేయాలన్నా టైమ్ చేతిలో ఉండాలి.

మెదడుకు పాకినప్పుడు పొద్దున్నే తలనొప్పి, వాంతులు, మొదటిసారి ఫిట్స్ రావడం, ఒక పక్క చేయి, కాలు బలహీనపడటం, మాట తడబడటం కనిపిస్తాయి. ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్లలో ఇది ఎక్కువ. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి త్వరగానే తేడా తెలుస్తుంది. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

మన రక్షణ వ్యవస్థే తిరగబడితే..

కొన్నిసార్లు క్యాన్సర్ బయటపడకముందే నరాలు సంకేతం ఇస్తాయి. గడ్డ మీద దాడికి తయారైన యాంటీబాడీలు, దాన్ని పోలి ఉన్న నరాల మీద కూడా పడతాయి. ల్యాంబర్ట్ ఈటన్ అనే సమస్యలో కుర్చీలోంచి లేవడానికే తొడల్లో సత్తువ ఉండదు. ఇలాంటి వాళ్లలో సుమారు సగం మందికి ఊపిరితిత్తుల్లో స్మాల్ సెల్ క్యాన్సర్ ఉంటుంది.

ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లతో కూడా అరుదుగా ఇలా జరుగుతుంది. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అది ఎమర్జెన్సీ. సొంత కణాలనే మార్చి ఎక్కించే కార్ టీ సెల్ థెరపీకి మన దేశంలో తయారైన నెక్స్‌కార్19తో 2023లో అనుమతి వచ్చింది. ఈ తరహా చికిత్సలో పేషెంట్‌తో రోజూ ఒక వాక్యం రాయిస్తారు. వంద నుంచి పది పది తగ్గిస్తూ లెక్కపెట్టమంటారు. చేతిరాత వంకర్లు పోయిందంటే మెదడు మీద ప్రభావం మొదలైందని అప్పుడే పట్టేస్తారు. ఖరీదైన స్కాన్ కన్నా ముందు ఒక పెన్నూ కాగితం చెప్పేస్తాయన్నమాట.

తర్వాతి అపాయింట్‌మెంట్‌కు ఇవి రాసుకెళ్లండి

ఓపీలో డాక్టర్ దగ్గర దొరికేది కొన్ని నిమిషాలే. "తిమ్మిరిగా ఉంది" అంటే సరిపోదు. పనుల లెక్కన చెప్పండి. గుండీలు, జాకెట్ హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా..? చెప్పు జారితే తెలుస్తోందా..? అన్నం కలుపుకోవడం, సంతకం చేయడం కుదురుతోందా..? ఎప్పుడు మొదలైంది..? సైకిల్‌కు సైకిల్‌కు పెరుగుతోందా..? ఈ నెలలో ఎన్నిసార్లు పడిపోయారు..? వేసుకుంటున్న మాత్రలన్నీ, నాటు మందులతో సహా చూపించండి. మతిమరుపు సంగతి పేషెంట్‌కన్నా ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. అందుకే ఒకరు వెంట వెళ్లండి.

క్యాన్సర్‌ను గెలవడమంటే రిపోర్టులో గడ్డ కనిపించకపోవడం ఒక్కటే కాదు. ఆ తర్వాత సొంత కాళ్ల మీద నడవడం, మనవడి పేరు గుర్తుండటం, తన గుండీలు తాను పెట్టుకోవడం కూడా. చెప్పు జారిన సంగతి చిన్నదే. డాక్టర్‌కు చెప్పే విషయాల్లో మాత్రం దాన్ని ముందు పెట్టండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మీకు చికిత్స చేస్తున్న డాక్టర్ సలహాతోనే చేయాలి.